హాకీ ఎవరూ చూడరా? ముందు సరిగ్గా చూపించండి బాబూ!

"బంతి ఎవరి దగ్గరుందిరా?"

హాకీ మ్యాచ్ ఉన్న రోజు మా ఇంట్లో ఈ ప్రశ్న తక్కువలో తక్కువ ఓ నలభై సార్లు వినపడుతుంది. అడిగేది మా నాన్న. జవాబు చెప్పాల్సింది టీవీలో మైకు ముందు కూర్చుని డబ్బులు తీసుకుంటున్న కామెంటేటరు. చెప్పేది మాత్రం నేను, ఒక చేత్తో టిఫిన్ ప్లేటూ ఒళ్ళో ఆఫీసు లాప్‌టాపూ పెట్టుకుని.

మా నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు. కాలేజీ రోజుల్లో లెఫ్ట్ హాఫ్ ఆడేవారు. షుగర్ వల్ల ఇప్పుడు రెండు కళ్ళూ బాగా దెబ్బతిన్నాయి. మనుషులు తెలుస్తారు, టీవీలో చొక్కాల రంగులు తెలుస్తాయి, బంతి మాత్రం కనపడదు. అంటే మ్యాచ్‌ని ఆయన సగం చూస్తారు, సగం వింటారు. క్రికెట్ అయితే ఆయనకి పెద్ద ఇబ్బంది లేదు. ఎవరు వేస్తున్నారో, ఎవరు ఆడుతున్నారో, బంతి ఎటు పోయిందో ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. హాకీ పెట్టామా, ఇక నాకు డ్యూటీ మొదలు.

పోయినేడాది ఒక మ్యాచ్. ఏ మ్యాచో, ఏ ఛానెలో చెప్పను. చెప్పినా పెద్ద తేడా ఏమీ ఉండదు. అవతలి టీమ్ కుడివైపు నుంచి దూసుకుంటూ మన సర్కిల్లోకి వచ్చేస్తోంది. కామెంటరీలో ఉన్న ఇద్దరు పెద్దమనుషులు మాత్రం ఒక ఆటగాడు చిన్నప్పుడు ఎన్ని మైళ్ళు సైకిల్ తొక్కి ప్రాక్టీసుకి వెళ్ళేవాడో మాట్లాడుకుంటున్నారు. మంచి కథే, కాదనను. ఆ సైకిల్ ఇంకా గ్రౌండు చేరకముందే గోలు పడిపోయింది. అప్పుడు ఇద్దరూ కలిసి ఒక్క అరుపు. "ఎవరు కొట్టారురా? ఎట్లా కొట్టాడు? ఫ్లిక్కా, డిఫ్లెక్షనా?" అని నాన్న. టీవీలో జవాబు లేదు, ఇంకా అరుస్తున్నారు. ఆయన నెమ్మదిగా లేచి, "దీనికన్నా మా రేడియోనే నయం" అని బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

ఆ మాట అప్పటినుంచీ నన్ను తినేస్తోంది. ఎందుకంటే ఆయన అన్నది చాదస్తం కాదు, నిజం.

రేడియోలో కనిపించిన గోలు

1975 మార్చి 15, కౌలాలంపూర్, ప్రపంచ కప్ ఫైనల్. ఇండియా 2, పాకిస్తాన్ 1. అప్పటికి నాన్నకి పదిహేనేళ్ళు. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో ఒక్క ట్రాన్సిస్టర్ చుట్టూ ముప్ఫై మంది. జస్‌దేవ్ సింగ్ గారి హిందీ కామెంటరీ. వినేవాళ్ళలో సగం మందికి హిందీ అంతంతమాత్రమే. అయినా అశోక్ కుమార్ కొట్టిన బంతి పోస్టు లోపలి మూలకి తగిలి బయటికి రావడం, పాకిస్తాన్ వాళ్ళు గోలు కాదని గొడవ పెట్టడం, అంపైరు గోలిచ్చేయడం.. ఇవన్నీ మా నాన్న ఇవాళ్టికీ చేతులతో చూపించి మరీ చెప్తారు. ఆ గోలుని ఆయన కళ్ళతో చూడలేదు. చెవుల్తో చూశారు.

ఇప్పుడు మన చేతిలో ఏముంది? హై డెఫినిషన్ కెమెరాలు, స్లో మోషన్, యాభై అయిదు అంగుళాల టీవీ, ఫైబర్ కనెక్షన్. వీటన్నిటి మధ్య కూర్చున్న మనిషికి బంతి ఎవరి దగ్గరుందో తెలీడం లేదు. దీన్ని ప్రోగ్రెస్ అంటారా? నాకైతే వర్షన్ పెరిగి ఫీచర్ పోయిన సాఫ్ట్‌వేర్ లాగా ఉంది.

మీ కళ్ళు బాగానే ఉన్నాయి కదా, ఇది మీ నాన్నగారి సమస్య కదా అంటారేమో. కాదండీ. హాకీ కొత్తగా చూసే ఏ మనిషైనా మా నాన్నలాంటి వాడే. అతనికీ బంతి కనపడదు, అతనికీ ఎవరు ఎవరో తెలీదు, విజిల్ ఎందుకు ఊదారో అసలే తెలీదు. తేడా ఒక్కటే. మా నాన్న అడుగుతారు, అతను ఛానెల్ మార్చేస్తాడు.

ఆ తర్వాత మనకి వినిపించే పాట: "హాకీ ఎవరూ చూడరండీ, అందుకే ఖర్చు పెట్టలేం."

ఒక షాపింగ్ సైట్‌లో "కొనండి" అనే బటన్ పనిచేయట్లేదనుకోండి. నెలాఖరుకి మేనేజరు రిపోర్టు తిరగేసి "ఈ వస్తువుకి డిమాండు లేదు, తీసేయండి" అన్నాడనుకోండి. మనం ఏం చేస్తాం? మొహం మీద అనకపోయినా, క్యాంటీన్‌లో కూర్చుని ఓ గంటసేపు నవ్వుకుంటాం. హాకీ ప్రసారాల విషయంలో ఇరవై ఏళ్ళుగా జరుగుతున్నది అదే. బటన్ పనిచేయట్లేదు. రిపోర్టు మాత్రం కరెక్టుగా వస్తోంది.

ఆట తనని తాను మార్చుకుంది, టీవీ మారలేదు

నిజం ఒప్పుకోవాలి. టీవీలో చూపించడానికి హాకీ చాలా కష్టమైన ఆట. గ్రౌండు పొడవు 91.4 మీటర్లు, వెడల్పు 55 మీటర్లు. బంతేమో చేతిలో ఇమిడిపోయేంత. పైగా అది ఎక్కువసేపు నేల మీద, కాళ్ళ మధ్య, కర్రల మధ్య తిరుగుతుంది.

కొంచెం లెక్క వేద్దాం, మనకి అలవాటే కదా. మంచి డ్రాగ్ ఫ్లిక్ గంటకి 100 కిలోమీటర్లు దాటుతుంది. అంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. మీ ఫోన్లో స్ట్రీమ్ సెకనుకి 25 ఫ్రేములతో వస్తోంటే, ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య బంతి మీటరు పైగా జరిగిపోతుంది. కొట్టిన చోటు నుంచి గోలుకి చేరేలోపు మీకు దొరికేవి పది పన్నెండు ఫ్రేములు. ఆ పైన బిట్‌రేట్ తగ్గించారనుకోండి. కెమెరా పక్కకి తిరుగుతోంటే బొమ్మ మొత్తం మారిపోతూ ఉంటుంది, ఎన్‌కోడర్‌కి ఊపిరాడదు. అప్పుడు అది మొదట చెరిపేసేది చిన్న చిన్న వివరాల్నే. హాకీలో చిన్న వివరం అంటే ఏంటి? బంతే! మిగతాదంతా నీలం రంగు బురద.

ఈ కష్టం హాకీ వాళ్ళకి తెలుసు. అందుకే వాళ్ళు చెయ్యగలిగింది చేశారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో టర్ఫ్‌ని నీలం చేసి, బంతిని పసుపు చేశారు, టీవీలో బాగా కనపడాలని. తర్వాత 35 నిమిషాల చొప్పున రెండు భాగాలుగా ఉన్న అంతర్జాతీయ ఆటని 15 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు చేశారు. పెనాల్టీ కార్నర్ ఇచ్చినప్పుడు గడియారం ఆపి 40 సెకన్లు టైమిచ్చారు. ఒక ఆట టీవీ కోసం తన రంగు, తన గడియారం మార్చుకుంది. పెళ్ళికూతురు ఇంతలా ముస్తాబై కూర్చుంటే ఫోటోగ్రాఫరు క్యాటరింగ్ వాళ్ళని తీస్తున్నాడు.

ఉదాహరణకి రీప్లేలు. 2009 నుంచి హాకీలో సెల్ఫ్ పాస్ ఉంది. ఫ్రీ హిట్ దొరికినవాడు ఇంకొకడికి పాస్ ఇవ్వక్కర్లేదు, తనే బంతి ముట్టుకుని పరిగెత్తొచ్చు. అంటే విజిల్ ఊదిన మరుక్షణంలో ఆట మళ్ళీ మొదలైపోతుంది. ఈ రూలు వచ్చి ఇన్నేళ్ళయింది కదా, డైరెక్టరు సీట్లో ఉన్నవాళ్ళు మాత్రం విజిల్ వినపడగానే క్రికెట్లో బంతి అయిపోయినట్టు రీప్లే వేసేస్తారు. తిరిగొచ్చేసరికి ఆట అవతలి సర్కిల్లో ఉంటుంది. లేదంటే కోచ్ మొహం క్లోజప్పు. ఆయన మొహం ఎటూ పారిపోదు, మ్యాచ్ అయ్యాక చూపించండి. పక్కన బెంచీ మీదున్న సబ్‌స్టిట్యూట్ నీళ్ళు తాగుతోంటే నాకెందుకు?

మనవాళ్ళ కామెంటరీ

నా అసలు కోపం కెమెరాల మీద కాదు. వాటికి డబ్బు కావాలి, ఒప్పుకుంటా. కామెంటరీకి కావాల్సింది హోంవర్కు.

నాకు అర్థమైనంతవరకూ జబ్బు ఎక్కడుందంటే, మన దగ్గర కామెంటరీ అంటే క్రికెట్ కామెంటరీయే. క్రికెట్లో రెండు బంతుల మధ్య అర నిమిషం పైనే ఖాళీ. ఆ ఖాళీని కథలతో, జోకులతో, లెక్కలతో నింపడమే అక్కడ కామెంటేటరు గొప్పతనం. హాకీలో ఆ ఖాళీ లేదు. అక్కడ నింపడం కాదు, వెంటపడటం తెలియాలి. క్రికెట్ అలవాటుతో వచ్చి హాకీకి మాట్లాడితే, సరిగ్గా ఆట వేడెక్కినప్పుడు సైకిల్ కథ మొదలవుతుంది.

ఇక మిగతా రోగాలు వరసగా:

ఒకటి, పేర్లు. "ఇండియా ఎటాక్ చేస్తోంది" అంటారు. ఇండియాలో నూట నలభై కోట్ల మందిమి ఉన్నాం, ఎవరు? మనవాళ్ళ పేర్లే సగం సార్లు తెలీవు, ఇక అవతలి టీమ్‌ని దేశం పేరుతో పిలిచి ఊరుకుంటారు. అరవై నిమిషాలయ్యాక కూడా బెల్జియంలో ఒక్క ఆటగాడి పేరు తెలీకుండా టీవీ కట్టేసే భాగ్యం మనది.

రెండు, విజిల్. అంపైరు ఎందుకు ఊదాడు? కాలికి తగిలిందా, కర్ర వెనకవైపు తగిలిందా, ప్రమాదకరంగా లేపాడా? ఒక్క ముక్క చాలు. వీడియో రెఫరల్ అడిగినప్పుడైతే అంపైర్లు మాట్లాడుకునేది మనకి వినిపిస్తారు. అంతకన్నా మంచి పాఠం ఉండదు, పైగా ఫ్రీ. సరిగ్గా అప్పుడే మనవాళ్ళు దాని మీద పడి "చూద్దాం ఏమవుతుందో" అని మాట్లాడతారు. మీరు ఆగితే చూస్తాం సార్!

మూడు, కార్డులు. గ్రీన్ కార్డు అంటే రెండు నిమిషాలు బయట, ఎల్లో అంటే కనీసం అయిదు, రెడ్ అంటే ఇక ఇంటికే. ఆ నిమిషాల్లో పదిమంది పదకొండు మందిని ఎలా ఆపుతున్నారన్నదే ఆట మొత్తం. 2024 ఆగస్టు 4న పారిస్ క్వార్టర్ ఫైనల్ గుర్తుందా? అమిత్ రోహిదాస్‌కి రెండో క్వార్టర్ మొదట్లోనే రెడ్ కార్డు. 40 నిమిషాలకి పైగా పదిమందితో గ్రేట్ బ్రిటన్‌ని 1-1 దగ్గర ఆపి, షూటౌట్‌లో 4-2తో గెలిచాం. అలాంటి మ్యాచ్‌లో చూసేవాడికి కావాల్సింది "దేశమంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది" అన్న వార్త కాదు. ఊపిరి మాదే, మాకు తెలుసు. ఖాళీ అయిన చోటుకి ఎవరు జరిగారు, ముందున్న వాళ్ళలో ఎవరు వెనక్కొచ్చారు, అది చెప్పండి.

నాలుగు, పెనాల్టీ కార్నర్. నాకు బీపీ పెరిగేది ఇక్కడే. ఆట వేగంగా ఉంటుంది, వివరించే టైముండదు అంటారు కదా. మరి ఆ 40 సెకన్లు? గడియారం ఆగి ఉంటుంది, ఆటగాళ్ళు మాస్కులు కట్టుకుంటూ ఉంటారు, దేవుడిచ్చిన టైము. అప్పుడు ఏం చెప్పొచ్చో నేను మా నాన్నకి రోజూ చెప్పేదే రాస్తున్నా, చూడండి:

"గోల్ లైన్ వెనక కీపర్‌తో కలిపి అయిదుగురే ఉండాలి. మిగతావాళ్ళంతా సెంటర్ లైన్ అవతల. ఒకడు బ్యాక్ లైన్ మీంచి బంతి లోపలికి తోస్తాడు, సర్కిల్ బయట ఒకడు ఆపుతాడు, ఇంకొకడు కొడతాడు. గట్టిగా హిట్ కొడితే ఆ మొదటి దెబ్బ 460 మిల్లీమీటర్లకి, అంటే ఆ వెనకున్న చెక్క ఎత్తుకి లోపలే పోవాలి. అదే కర్ర మీద లాగి ఫ్లిక్ చేస్తే ఆ లెక్క లేదు, పైమూలకైనా పంపొచ్చు. అందుకే అందరూ డ్రాగ్ ఫ్లిక్ మీద పడ్డారు. ఇటునుంచి మొదట పరిగెత్తేవాడు ఆ ఫ్లిక్‌కి ఎదురుగా ఒళ్ళు అడ్డం పెట్టడానికే పోతున్నాడు, వాణ్ణి చూడు."

మామూలుగా చదివినా 40 సెకన్ల లోపే అయిపోతుంది. ఇది తెలిశాక 2021 ఆగస్టు 5ని మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. టోక్యో, జర్మనీ మీద 5-4తో ముందున్నాం, ఇంకా ఆరేడు సెకన్లే ఉంది, వాళ్ళకి పెనాల్టీ కార్నర్. శ్రీజేశ్ ఆపాడు, 41 ఏళ్ళ తర్వాత హాకీలో ఒలింపిక్ మెడల్. ఏం ఆపాడో, ఎంతమంది ఎటునుంచి పరిగెత్తారో తెలిసి చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. తెలియకుండా చూస్తే "అబ్బ, గెలిచాం" అంతే. ఆ "అబ్బ, గెలిచాం" దగ్గరే ఆపేసి, జనానికి ఆట మీద ప్రేమ లేదంటే ఎలా?

బాగా చేసేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. కొందరు పాత ఆటగాళ్ళు మైకు పట్టుకుంటే ఒక్క వాక్యంలో డిఫెన్స్ ఎందుకు చెదిరిందో చెప్పేస్తారు. విదేశాల్లో జరిగే కొన్ని మ్యాచ్‌లకి వచ్చే ఇంగ్లీషు కామెంటరీ కూడా శుభ్రంగా ఉంటుంది. ఒక్కో టచ్‌కీ పేరు, విజిల్‌కి కారణం, మిగతా టైము నోరు మూసుకోవడం. అంటే చెయ్యడం అసాధ్యమేం కాదన్న మాట.

డబ్బులేవీ అంటారా?

క్రికెట్‌కున్న కెమెరాలు హాకీకి ఎక్కడినుంచి తెస్తాం అని అడుగుతారు. నేను కెమెరాలు అడగలేదు. ముందురోజు రాత్రి రెండు టీమ్‌ల పేర్లూ నంబర్లూ బట్టీ పట్టడానికి ఎంత ఖర్చవుతుంది? రూల్ బుక్ నెట్‌లో ఊరికే దొరుకుతుంది. కార్డు పడినవాడు ఇంకెన్ని సెకన్లలో తిరిగొస్తాడో స్కోరు పక్కన చూపించడానికి ఏ రాకెట్ సైన్సు కావాలి? మనలో ఒక ఫ్రెషర్‌ని కూర్చోబెడితే సాయంత్రానికి రాసిచ్చేస్తాడు, టెస్టింగ్‌తో సహా.

కబడ్డీని చూడండి. 2014కి ముందు కబడ్డీని ప్రైమ్ టైమ్‌లో కూర్చుని చూస్తామని ఎవరైనా అంటే నవ్వేవాళ్ళం. ప్రో కబడ్డీ వచ్చాక ఆట అదే, కూత అదే. మారింది చూపించే పద్ధతి. 30 సెకన్ల రైడ్ గడియారం తెర మీదకొచ్చింది, డూ ఆర్ డై రైడ్ అంటే ఏంటో పిల్లలకి కూడా తెలిసిపోయింది, తెలుగులో కామెంటరీ వచ్చింది. మా అమ్మ ఇప్పుడు బోనస్ పాయింట్ గురించి అంపైరుతో వాదిస్తుంది. అదే అమ్మ పాతికేళ్ళు హాకీ ఆటగాడితో కాపురం చేసి కూడా పెనాల్టీ కార్నర్ ఎందుకిస్తారో తెలీదంటుంది. తప్పు అమ్మదా?

హాకీ తెలుగు వాళ్ళ ఆట కాదు అని మాత్రం అనకండి. మూడు ఒలింపిక్స్ ఆడిన ముకేశ్ కుమార్ హైదరాబాదీ. భారత జట్టుకి గోల్‌కీపింగ్ చేసిన రజని చిత్తూరు జిల్లా పల్లెటూరి అమ్మాయి. మనలో వేలమందిమి రోజూ క్యాబ్‌లో నిద్రపోతూ దాటే గచ్చిబౌలిలో హాకీ స్టేడియం ఉంది, ఎప్పుడైనా కళ్ళు తెరిచి చూశారా? 2005లో అక్కడే ప్రీమియర్ హాకీ లీగ్ జరిగింది. మొదటి ఏడాది కప్పు కొట్టింది మన హైదరాబాద్ సుల్తాన్స్. ఏడేళ్ళ వాణ్ణి, నాన్న భుజాల మీద కూర్చుని చూశా. అప్పుడు ఆయన నాకు కామెంటరీ చెప్పారు.

ఇప్పుడు హాకీ ఇండియా లీగ్‌లో మనకి హైదరాబాద్ తూఫాన్స్ ఉంది. 2024-25లో ఫైనల్‌కి వెళ్ళి బెంగాల్ టైగర్స్ చేతిలో 4-3తో ఓడింది. ఆ ఫైనల్ రూర్కెలాలో. ఆ ఏడాది హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ లేదు. అంటే హైదరాబాద్ అభిమానికి టీవీయే స్టేడియం, సోఫాయే గ్యాలరీ, కామెంటేటరే పక్కసీటు మనిషి. ఆ పక్కసీటు మనిషి ఆట చూడకుండా కబుర్లు చెప్తూ ఉంటే లేచి వేరే చోట కూర్చుందామన్నా వీల్లేదు. నేను చూసిన హాకీ మ్యాచ్‌లన్నీ హిందీలోనో ఇంగ్లీషులోనో. "బంతి కుడివైపుకి పోయింది, ఇద్దరిని తప్పించాడు, సర్కిల్లోకి వచ్చేశాడు" అని తెలుగులో ఎవరైనా చెప్తే మా నాన్న మొహం ఎలా ఉంటుందో చూడాలని ఉంది.

మనమూ తక్కువేం తినలేదు. నాలుగేళ్ళకోసారి ఒలింపిక్స్‌లో సెమీస్ చేరాక ఆఫీసులో ప్రొజెక్టర్ పెట్టి చూస్తాం, మెడలొస్తే స్టేటస్ పెట్టుకుంటాం, మర్నాటికి మర్చిపోతాం. దిక్కుమాలిన స్ట్రీమింగ్ యాప్‌కి ఒక్క స్టార్ రేటింగ్ ఇచ్చి తిట్టే ఓపిక ఉంది కానీ, "కార్డు టైమర్ పెట్టండి, పేర్లు చెప్పండి" అని రెండు లైన్లు రాసే ఓపిక లేదు. బగ్ రిపోర్ట్ లేకపోతే బగ్ లేనట్టే అని మనకన్నా బాగా ఎవరికి తెలుసు? వచ్చే మ్యాచ్ చూసినప్పుడు ఆ రెండు లైన్లు రాయండి. నేను పోయిన వారం రాశా. జవాబుగా ఒక ఆటోమేటిక్ మెయిల్ వచ్చింది, "మీ అభిప్రాయం మాకు ముఖ్యం" అని. పర్లేదు, మళ్ళీ రాస్తా.

అప్పటిదాకా మా ఇంట్లో ఏర్పాటు ఇది. టీవీ మ్యూట్. కామెంటరీ నేను. నిన్న నాన్న నాకు రివ్యూ కూడా ఇచ్చారు: "పేర్లు బాగానే చెప్తున్నావు కానీ గోలు పడగానే అరుస్తున్నావురా. అరిస్తే ఎలా పడిందో ఎవరు చెప్తారు?"

నిజమే. ముందు ఎలా పడిందో చెప్పి, తర్వాత అరవాలి. నేను నేర్చుకుంటున్నా. మైకుల ముందున్న వాళ్ళు కూడా నేర్చుకుంటే నేనూ ప్రశాంతంగా మ్యాచ్ చూస్తా.